గల్లీ అంతటికీ ఒకే మెయిల్

మా తెలుగు నేతవాళ్లు వలస వచ్చి స్థిరపడ్డ పద్మనగర్‌లో మా అన్నకు మరమగ్గాల షెడ్డు ఉండేది. అందులో నిలబడటం నాకు చేతకాక కాదు, నామోషీ. నాలుగు ఇంగ్లిష్ ముక్కలు వచ్చు, కంప్యూటర్ వచ్చు, ఇంకా మగ్గం ముందు నిలబడటమేమిటన్న పొగరు. అందుకని ధామన్కర్ నాకా అనే కూడలి దగ్గరి సైబర్ కేఫ్‌లో కూర్చుని వారానికోసారి ఒక మెయిల్ పంపడం మొదలుపెట్టాను. నూలు ధర ఎటు పోతోంది, ఏ రకం బట్టకు గిరాకీ ఉంది, వచ్చే వారం కరెంటు ఎప్పుడు పోతుంది, ఇవే అందులో సంగతులు. అప్పట్లో తెలుగు అక్షరాలు మెయిల్‌లో సరిగా పడేవి కావు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేవాణ్ని.

"దీపావళి దాకా టైమియ్యి అన్నా. గప్పటికి నా మెయిల్ నడవకుంటే నేనే వచ్చి మగ్గం కాడ నిలబడ్త," అన్నాను.

"మగ్గం నడుస్తది, బండి నడుస్తది. మెయిల్ నడుసుడేంది రా?" అన్నాడు అన్న.

నడవాలంటే అడ్వర్టైజ్‌మెంట్ కావాలి. మగ్గాలకు కావలసిన షటిళ్లు, బెల్టులు అమ్మే మా వాళ్ల దుకాణం ఒకటి నాకా దగ్గరే ఉండేది. ఆ దుకాణదారుణ్ని అందరం కాకా అనేవాళ్లం. మొదట్లో ఆయన సరుకు గురించి నేను ఊరికే రెండు మాటలు రాస్తే ఆయన సంతోషించాడు. పైసల మాట ఎత్తేసరికి మాత్రం, "నూరు మందికి పోతున్నదని చూపెట్టు. పైసలిచ్చి వారం వారం నా దుకాణం పేరు వేయిస్త," అన్నాడు.

అప్పటికి నా మెయిల్ అందుకునేవాళ్లు పిడికెడు మంది. మనుషుల్ని ఎట్లా పెంచుకోవాలో ఇంటర్నెట్‌లో చదివాను. మెయిల్ శీర్షిక చూడగానే ఆత్రం పుట్టాలన్నారు. 'నూలు వ్యాపారి మీకు చెప్పని మాట' అని పెట్టాను. మర్నాడు ఒకాయన నన్ను రోడ్డు మీద ఆపి, "గా చెప్పని మాటేందో జర చెప్పు," అన్నాడు. నా దగ్గర అట్లాంటి మాటేమీ లేదు. ఏదైనా ఉచితంగా ఇవ్వాలన్నారు. క్యాలెండర్లు అచ్చు వేయించి, విజిటింగ్ కార్డు ఇచ్చినవాళ్లకు ఒకటి అన్నాను. ఇది పనిచేసింది. సంచీ నిండా కార్డులు వచ్చాయి.

కేఫ్‌లో కూర్చుని మొదటి కార్డు మీది మెయిల్ టైపు చేశాను. ఆ మెయిల్ ముందే జాబితాలో ఉందన్నది కంప్యూటర్. రెండో కార్డు తీశాను, అదే మెయిల్. మూడోదీ అదే. అన్నీ మా పక్క గల్లీవాళ్ల కార్డులే. ఒక గల్లీ గల్లీ మొత్తం నాతో ఆటాడుతోందనుకున్నాను. కార్డు ఇచ్చిన ఒక పెద్దమనిషి దగ్గరికి పోయి అడిగాను.

"ఇది ఎవరి మెయిల్ పెద్దనాయనా?"

"పీపీ మెయిల్ బిడ్డా. పక్కన రాసున్నది, కనవడ్తలేదా?"

నిజంగానే మెయిల్ పక్కన బ్రాకెట్లో పీపీ అని అచ్చు వేయించాడు. ఇంట్లో ఫోన్ లేని రోజుల్లో పక్కింటి నంబర్ ఇచ్చి పక్కన పీపీ అని రాసేవాళ్లం. ఫోన్ వస్తే పక్కింటివాళ్లు కేకేసి పిలిచేవాళ్లు. మెయిల్‌కూ అంతే అనుకున్నారు వీళ్లు. కార్డు మీద మెయిల్ లేకపోతే పరువు తక్కువ, ఉన్న మెయిలేమో గల్లీలో ఒక్కరికే.

ఆ ఒక్కరు ఒక అక్క. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన క్రిస్టియన్ కుటుంబం. అంజూర్ ఫాటాలో ఒక గోదాము ఆఫీసులో కంప్యూటర్ పని చేసేది. నా మొదటి మెయిల్ నుంచీ ఆమె జాబితాలో ఉంది.

ఇది ఒక్కరా, గల్లీ అంతానా? నాకు తేలలేదు. కంప్యూటర్ ఒకటే అంటోంది, నాకు కావలసింది నూరు. అక్క దగ్గరికి పోయాను.

"అక్కా, అందరు నీ మెయిలే ఇస్తే నా లెక్క ఖరాబైతది. నీకు మగ్గాలున్నయా, నూలు కొంటవా? నీ పేరు తీసేస్త. వాళ్లందరికి నేనే వేరే వేరే మెయిళ్లు చేసిస్త."

"సరే తమ్మీ, నీ ఇష్టం," అన్నది.

ఇంటింటికీ ఒక మెయిల్ చేశాను. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి చేతికిచ్చాను. చాలామంది దాన్ని దేవుడి పటం వెనక భద్రంగా పెట్టారు. నూరు దాటింది. కాకా మాట నిలబెట్టుకున్నాడు. నేను అన్న ముందు కాలర్ ఎగరేశాను.

కొన్ని వారాలకు కాకా పిలిపించాడు. "ఏం రాస్తున్నవ్ రా? ఊరికే రాసినప్పుడు జనం అడుగుకుంట వచ్చిండ్రు. పైసలిచ్చినంక ఒక్కడు రాడు!"

నాకేమీ అర్థం కాలేదు. మనుషులు పెరిగితే చదివేవాళ్లు ఎట్లా తగ్గుతారు? శీర్షికలు మార్చాను. ఇంకో విడత క్యాలెండర్లు పంచాను. అంకె పెరిగింది, కాకా దుకాణానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఒక బుధవారం సాయంత్రం కేఫ్‌లో జనరేటర్ చెడిపోతే, కరెంటు పోకముందే లేచి అక్క వాళ్ల గల్లీ గుండా ఇంటికి వస్తున్నాను. కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగేసరికి మనిషి మాట వినబడింది. ఉక్కపోతకు అందరూ బయట కూర్చున్నారు. పెద్దనాయన నన్ను చూశాడు.

"ఏందయ్యా, నీ ఉత్తరం బందైనట్టున్నది గద?"

"బంద్ కాలే పెద్దనాయనా. వారం వారం నీ మెయిల్‌కే పంపుతున్న."

"నాకు మెయిల్ ఏడిది?"

"చేసిచ్చిన గదనే! మరి మునుపెట్ల చదివినవ్?"

"చదువుడేంది? బుధవారం కరెంటు పోంగనే అక్క చెప్తుండె, మేం వింటుంటిమి. గా అరుగు మీద ఆమెకు కుర్చీ ఏస్తుంటిమి."

అరుగు ఖాళీగా ఉంది. సాయంత్రం పూట నేనెప్పుడూ కేఫ్‌లోనే ఉండేవాణ్ని, ఆ కుర్చీని ఒక్కసారీ చూడలేదు.

అక్క ఇంటి గడపలో నిలబడ్డాను. ఆమె బియ్యం ఏరుతోంది.

"నాకు చెప్పకపోతివేంది అక్కా?"

"నువ్వు అడిగినవా? లెక్క ఖరాబైతదన్నవ్, నేను సరే అన్న." చాట కింద పెట్టింది. "ఇన్నేండ్లాయె తమ్మీ ఈ గల్లీకి వచ్చి. వాళ్ల పండుగలు వేరు, మా చర్చి వేరు. వాళ్లు నన్ను పిలిచి కూసోబెట్టుకున్నది గా బుధవారం ముచ్చటకే."

ఆమె చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

మర్నాడు కాకాకు జరిగింది చెప్పాను. ఆ నూరు మెయిళ్లలో తెరిచి చూసేవాళ్లు దాదాపు ఎవరూ లేరనీ, నిజంగా చదివేది ఒక్క మెయిలేననీ, దాన్నే తీసేశాననీ.

"మరి దాన్ని మళ్ల పెడితే ఎంతమంది అయితరు?"

"తెల్వది కాకా."

"తెల్వనిదానికి పైసలెట్లియ్యాలె?" అన్నాడు. కోపంగా కాదు, నాలాగే తికమకపడి అన్నాడు.

దీపావళి తర్వాత అన్న షెడ్డులో నిలబడ్డాను. అన్న ఒక మగ్గం చూపించి తన పనిలో పడ్డాడు. మెయిల్ మాత్రం ఆపలేదు. ఇప్పుడు జాబితాలో అక్క మెయిల్ ఒక్కటే ఉండేది. బుధవారం కరెంటు పోగానే చేతులు తుడుచుకుని పక్క గల్లీకి పోయి, అందరి వెనక నిలబడేవాణ్ని.

అక్క ఆఫీసులో పాత బిల్లుల వెనక రాసుకొచ్చినదాన్ని చూసి చెప్పేది. నా శీర్షిక చెప్పేది కాదు. నేను గొప్పగా రాశాననుకున్నవి వదిలేసేది. కరెంటు వేళలు మాత్రం రెండుసార్లు చెప్పేది. మెయిల్ చివర నేను నా పేరు రాసేవాణ్ని. అది కూడా చదివేది కాదు. మర్చిపోతోందో, కావాలనే వదిలేస్తోందో నాకు తెలియలేదు. ఇంకో నెలకు ఆ పేరు రాయడం నేనే మానేశాను.