ఆరు ఎడమ చేతులు

ఈ ఉదయం ఒక ప్లాస్టిక్ రాక్షసుడి బొమ్మకి కుడి చెయ్యి అతికించబోతే బొటనవేలు బయటివైపుకు తిరిగింది. భూతద్దం కింద చూస్తే అది ఎడమ చెయ్యి. విడి ముక్కల డబ్బాలో కుడి చేతుల గడి మొత్తం బల్లమీద బోర్లించాను. అందులో ఎడమ చేతులు ఆరు ఉన్నాయి. ఆ అంకె చూసి పట్టకారు కింద పెట్టేశాను.

రెండేళ్ల కిందట తడ దగ్గర ఫ్యాక్టరీలో చేరినప్పుడు నాతో గదిలో ఉన్నతన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. అతనిది సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె. ఇంట్లో అందరూ చేపల వేటకు వెళ్తే ఇతనొక్కడే షిఫ్టులకు వచ్చాడు. ఆదివారాలు ఇద్దరం బొమ్మల సైన్యాలు నేలమీద పేర్చి, పాచికలతో, కొలత టేపుతో యుద్ధం ఆడేవాళ్లం. అక్కడ ఈ ఆట తెలిసినవాళ్లం మేమిద్దరమే. నేను అట్టపెట్టె మీద బొమ్మ ఎలా ఉంటే అలాగే అతికించేవాణ్ణి. అన్న మాత్రం రౌతుకి మొసలి తల, ఈటె బదులు పండుకప్ప చేప ముల్లు, వల దారంతో గడ్డం పెట్టేవాడు. మిగిలిన ముక్కల డబ్బా నాది. ఇరవై నాలుగు గళ్లు. మూత లోపల ఏ గడిలో ఏవి ఎన్నున్నాయో పట్టిక.

ఒక ఆదివారం ఎడమ చేతులు లెక్కపెడితే పంతొమ్మిదికి పదమూడే ఉన్నాయి. లోటు దొరికాక మిగతా గళ్లు చూడాలనిపించలేదు. ముందురోజు ముక్కలన్నీ సబ్బునీళ్లలో కడిగి మళ్లీ సర్దింది నేనేనన్న సంగతీ గుర్తు రాలేదు. ఎవరైనా తెరిస్తే తెలిసేలా డబ్బా మూతమీద ఒక వెంట్రుక అడ్డం పెట్టి డ్యూటీకి పోయాను. తిరిగొచ్చేసరికి అది లేదు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, కానీ ఫ్యానుని అనుమానించడం నాకు చేతకాలేదు. కాగితం తీసి కారణాలు వరుసగా రాశాను. ఒకటి, గదికి తాళంచెవులు రెండే. రెండు, అన్న వేళ్లకు జిగురు. మూడు, తెడ్డు పట్టుకున్న తన పడవవాడి బొమ్మకి మొన్ననే ఎడమ చెయ్యి అడిగాడు. నాలుగు, నేను డబ్బా తెరిచినప్పుడల్లా ఈల వేస్తాడు.

కాగితం అతనికే ఇచ్చాను. మొదట నవ్వాడు. నాలుగోదాకా చదివి మడత పెట్టాడు.

"బాగా రాసినావు అబ్బయా. ఊరికి పోతే మా పడవలో ఆరుగురం ఒకే వల లాగతాం. ఎవుడి చెయ్యి ఎంత లాగిందో ఈ పొద్దుదాకా ఎవుడూ కాగితం మీద పెట్టలా."

ఆ తర్వాత నా డబ్బా ముట్టలేదు, ఆటకూ కూర్చోలేదు. నెలకు గది మారాడు, కొన్నాళ్లకు ఉద్యోగం మాని వాళ్ల ఊరి హార్బరుకు వెళ్లిపోయాడు. ఒంటిచేతి పడవవాణ్ణి మాత్రం కిటికీలో వదిలేశాడు. మరిచిపోయాడో, కావాలనే పెట్టాడో అని చాలాకాలం అనుమానపడ్డాను.

ఇవాళ ఆ ఆరింటిలో ఒకటి తీసి పడవవాడి భుజానికి జిగురుతో పెట్టి, వేలితో అదిమి పట్టుకుని అన్నకు ఫోన్ చేశాను. ఎలా చెప్పాలో తెలియక పట్టిక చదివినట్టే చెప్పాను: కుడి గడిలో ఎడమ చేతులు ఆరు, తప్పు నాది. అవతల ఇంజను చప్పుడు, మనుషుల అరుపులు. అన్న ఆ చప్పుడుకి దూరంగా జరిగి అడిగాడు.

"మావాడికి చెయ్యి పెట్టినావా?"

పెట్టానన్నాను.

"ఎడందేనా? సరిగ్గా చూసినావా అబ్బయా?"

జవాబు చెప్పేముందు ఇంకోసారి చూసుకున్నాను. ఎడమదేనన్నాను. జిగురు ట్యూబు మీద ఒక నిమిషమని రాసి ఉంది. ఏది ఎంతకాలానికి అతుకుతుందో ట్యూబుమీది రాతను బట్టి నేనిప్పుడు నమ్మను. వేలు తియ్యకుండా పట్టుకునే కూర్చున్నాను.