మౌసు గుర్తుపట్టని వేలు

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో సాయంత్రమైతే వీణ వినిపిస్తుంది. రెండో అంతస్తులో సుబ్బులుగారు పిల్లలకు పాఠం చెబుతుంటారు. ఆమె తండ్రి ఏలూరు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. తొమ్మిదో ఏట అనసూయమ్మగారనే గురువు ఆమె ముందు వీణ పెట్టారు. ఇప్పుడామెకు అరవై దాటాయి. జ్వరం వచ్చిన రోజు కూడా వీణ ముట్టకుండా ఉండలేదంటారు ఇంట్లోవాళ్ళు.

మొన్న వానాకాలంలో నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఆటో దిగుతూ జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. మోచేతి దాకా కట్టు వేసి, ఆరు వారాలు చేయి కదపకూడదన్నారు డాక్టరు. మీటే చెయ్యే లేనప్పుడు ఇంకేం వాయిస్తారు? వీణకు గుడ్డ గవిసెన తొడిగి గోడవారన పెట్టి, పిల్లలకు సెలవిచ్చేశారు.

ఇల్లు ఒక్కసారిగా మూగబోయింది. అనసూయమ్మగారి పాఠాల క్యాసెట్లను పాత శిష్యురాలొకామె ఎప్పుడో కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టింది. అవన్నీ గంటల కొద్దీ ఒకే ముద్దగా ఉన్నాయి. వాటిని పాటకు పాట విడదీద్దామని కూర్చున్నారు సుబ్బులుగారు. తమ్ముడు ఫణికిరణ్ ముచ్చటపడి కొత్త మౌసు తెచ్చాడు.

“చక్రం లేదు, మీటలు లేవు అక్కా. పైన వేలితో అలా నిమిరితే చాలు.”

గులకరాయిలా నున్నగా, చూడ్డానికి ముద్దుగా ఉంది. దాని గుణాలు వాడటం మొదలుపెట్టాకే తెలిశాయి. ఛార్జింగ్ పెట్టే రంధ్రం పొట్ట కింద ఉంది. ఛార్జింగ్ అయ్యేంతసేపూ వెల్లకిలా పడుకుని ఉంటుంది, పనికిరాదు. ఎత్తు తక్కువ కాబట్టి అరచేయి ఆనదు, మౌసు పట్టిన ఎడమచేయి కాసేపటికే లాగేస్తుంది. ఎడమచేతి ఉంగరం వేలు పొరపాటున తగిలినా చాలు, పాట మొదట్లో ఉన్న తెర చివరికి పరుగెత్తేది. అదే చూపుడువేలితో ఎంత నిమిరినా చలించేది కాదు. కుడి క్లిక్కు కోసం నొక్కితే ఎడమ క్లిక్కు పడి, కష్టపడి గుర్తుపెట్టుకున్న చోటు కాస్తా పోయేది.

పాడైందనుకుని నారాయణగూడలో కంప్యూటర్లు బాగుచేసే సురేశ్ దగ్గరికి తీసుకెళ్ళారు. సిద్దిపేట వైపు నుంచి సర్కారు కొలువు కోసం చదవడానికి వచ్చి, కొన్నేళ్ళు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి, చివరికి ఈ దుకాణం పెట్టుకున్న మనిషి అతను.

“మంచిగనే ఉందమ్మా, సూడుండ్రి.” అతని వేలికి తెర సాఫీగా కదిలింది.

“మరి నాకెందుకు కదలదు బాబూ?”

“గట్టిగ నొక్కద్దు. జర మెల్లగ తాకుండ్రి.”

తాకారు. కదల్లేదు. మధ్యవేలితో తాకారు, అప్పుడూ అంతే. సురేశ్ తన ఫోను ముందుపెట్టాడు. ఆ రెండు వేళ్ళూ దానికీ తెలియలేదు. ఫోను ఇదివరకు కుడిచేత్తోనే వాడటం, కట్టు వేశాక తమ్ముడే చూసుకోవడం వల్ల ఆ సంగతి సుబ్బులుగారికే తెలియదు. అతను ఆమె చేతిని లైటు కింద తిప్పి చూశాడు. వేలికొసల్లో నల్లటి గాడులు, కొమ్ములా గట్టిపడిన చర్మం.

“ఏందమ్మా ఇది, కాలిందా?”

“వీణ బాబూ. తీగ మీద జారి జారి అలా అయింది. చిన్నప్పటి నుంచీ వాయిస్తున్నాను కదా.”

సురేశ్ ఆ గాడిని తన బొటనవేలితో మెల్లగా తడిమాడు.

“ఈ మిషన్ మన తోలును పసిగట్టి పని చేస్తదమ్మా. మీ వేలు దీనికి వేలు లెక్కనే కనపడ్తలేదు,” అన్నాడు. “గిసొంటి చెయ్యి నేనెన్నడు సూడలే. చక్రమున్న మౌసు ఇయ్యమంటరా?”

“వద్దులే. తమ్ముడు ఇష్టంగా తెచ్చాడు. ఉంగరం వేలితో అలవాటు చేసుకుంటాను.”

ఇంటికి వెళ్తూ ఆటోలో తనలో తనే నవ్వుకున్నారు సుబ్బులుగారు.

అయిదో వారంలో ఒక పగటిపూట పని చేసుకుంటున్నారు. చెవుల్లో గురువుగారి గొంతు: “ఆ గాంధారం దగ్గర ఆగవే, పరుగెత్తకు.” పరధ్యానంగా చూపుడువేలు మౌసు మీద జారింది. తెర కదిలింది. ఉలిక్కిపడి మళ్ళీ నిమిరారు. మళ్ళీ కదిలింది. వేలు కళ్ళ దగ్గరికి తెచ్చుకుంటే గట్టి చర్మం పొరలుగా లేస్తోంది. దాని కింద చిన్నపిల్ల వేలిలా లేత గులాబీ రంగు.

యాభై ఏళ్ళుగా వీణ మీద గట్టిపడ్డ చర్మం అయిదు వారాలకే రాలిపోతోంది. సురేశ్‌కు ఫోను చేశారు.

“బాబూ, ఇది నా వేలిని గుర్తుపట్టేసింది. నాకు ఆ చక్రమున్నదే తెచ్చిపెట్టు.”

అతను వచ్చేసరికి తలుపు తీసే ఉంది. లోపల చాప మీద వీణ ముందు సుబ్బులుగారు కూర్చుని ఉన్నారు. కుడిచేయి మెడకు కట్టిన గుడ్డలో ఉంది. వీణ కదలకుండా ఫణికిరణ్ పట్టుకున్నాడు. ఆమె ఎడమచేయి ఒక్కటే వీణ మెట్ల మీద తిరుగుతోంది. తీగ గీరుకున్న సన్నటి చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. వేలు ఒకచోట ఆగి వణికింది, తీగను పక్కకు లాగి, ఊపిరి వదిలినట్టు మెల్లగా తిరిగొచ్చింది. ఆమె తల చిన్నగా ఊగుతోంది. సురేశ్‌కు సంగీతం తెలియదు. అయినా అక్కడ ఒక పాట నడుస్తోందని అర్థమై, చెప్పులు విప్పిన చోటే నిలబడిపోయాడు. చెయ్యి ఆగాక గొంతు తగ్గించి అడిగాడు.

“అయిపోయిందా అమ్మా?”

“పల్లవి అయింది. కూర్చో.”

కూర్చున్నాడు. వినపడని ఆ పాట చివరిదాకా విన్నాడు.

కట్టు విప్పాక పిల్లలు మళ్ళీ వచ్చారు. కుడిచేయి ఇంకా బిరుసుగానే ఉంది, మీటు మునుపటంత గట్టిగా పడటం లేదు. లేత వేళ్ళు తీగకు కోసుకుపోతుంటే కొబ్బరినూనె రాసుకుని వాయిస్తున్నారు. విడదీసిన అనసూయమ్మగారి పాఠాలను ఒక్కొక్కటే పిల్లలకు వినిపిస్తున్నారు. ఆదివారాలు సురేశ్ కూడా వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడు.

“నువ్వూ నేర్చుకోరాదా?” అని సుబ్బులుగారు ఒకసారి అడిగారు.

అతను తన వేళ్ళ వంక చూసుకున్నాడు. “ఇంకొన్ని దినాలు విననియ్యుండ్రి అమ్మా,” అన్నాడు.