నాలుగో మేకు

మా ముందు గదిలో నాలుగు మేకులున్నాయి, పటాలు మూడే. వచ్చినవాళ్లంతా ఆ ఖాళీ మేకు సంగతే అడుగుతారు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి, ఆ జీతంతో చేవెళ్లలో కట్టుకున్న ఇల్లు ఇది. ఏ గోడకు ఏది తగిలించాలో నేనే చెబుతాను.

అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్ కొత్త యజమాని పాత సామానంతా బయట పడేయిస్తుంటే, అక్కడి వాచ్‌మన్ నాకు ఫోన్ చేశాడు. వాళ్ల అమ్మాయి నా దగ్గరే చదువుకుంది. వెళ్లి చూస్తే ఆ సామానులో నాలుగు పటాలు, ఇంగ్లండులో నక్కల వేట బొమ్మలు: ఎర్రకోట్ల దొరలు, గుర్రాలు, కుక్కలు. అచ్చు వేసిన లోహపు రేకు కాగితం అంచున నొక్కిన గీతను వేలితో తడిమి చూశాను. అసలైన పాత అచ్చులే! ఆ రోజు నక్క తోక తొక్కి వెళ్లినట్టున్నాను. అప్పుడు పట్టిన పిచ్చి ఇంకా వదల్లేదు, హైదరాబాదు పాత సామాన్ల కొట్లలో ఇలాంటి అచ్చుల కోసం ఇప్పటికీ వెతుకుతూనే ఉంటాను. ఈ పటాల కోసమే ముందు గదికి ముదురాకుపచ్చ రంగు వేయించాను.

ఆ నాలుగూ వరస కథ. మొదటిదాంట్లో వేటగాళ్లు కూడతారు. రెండోదాంట్లో పొదలోంచి నక్క లేస్తుంది. మూడోదాంట్లో కుక్కలు తరుముతాయి. నాలుగోదాంట్లో నక్క చచ్చిపోతుంది. దాన్ని బీరువా వెనక పెట్టేశాను. నా చిన్నప్పుడు మొయినాబాద్ దగ్గర మా మక్కచేనులోకి నక్కలు వచ్చేవి. మా బాపు అరిచి తోలేవాడే గానీ, ఎవరినీ రాయి వేయనిచ్చేవాడు కాదు. "పొద్దుగాల నక్క మొకం జూస్తే మంచిగైతది బిడ్డా" అనేవాడు. ఇప్పుడక్కడ చేనూ లేదు, నక్కలూ లేవు, ప్రహరీ గోడలే ఉన్నాయి. నా గోడ మీద మాత్రం నక్కను చావనివ్వను.

మా అన్న రాజకీయాల్లో తిరుగుతాడు. ఈ మధ్య తన నాయకుణ్ణి మా ఇంటికి చాయ్‌కి పిలిచాడు, నన్ను అడగకుండానే.

"చెల్లె, ఈ కుక్కల బొమ్మలు తీసెయ్. సార్ ఏమనుకుంటడు?"

"నేను తియ్య. నచ్చకపోతే నీ ఇంట్ల తాగుమను చాయ్."

"జర నా ఇజ్జత్ సూడే!"

"నా ఇంట్ల నా ఇజ్జత్ ఎవలు సూస్తరు?"

కోపంగా వంటింట్లోకి వెళ్లిపోయాను. అంతలో నాయకుడి కారు వచ్చి ఆగింది. చాయ్ తీసుకుని వచ్చేసరికి నాలుగో మేకుకు నాయకుడి ఫోటో వేలాడుతోంది. అన్న కారులోంచి తెచ్చి తగిలించాడట. నాయకుడు ఎదురుగా కూర్చుని వరసగా చూస్తున్నాడు: గుర్రాలు, నక్క, కుక్కలు, ఆ తర్వాత తానే.

"టీచరమ్మా, ఈ కుక్కలు ఎవల్ని తరుముతున్నయి?"

"నక్కను సార్. అది సచ్చిపోయే బొమ్మ ఆ మేకుకు ఉండాలె. నాకు పానమొప్పక పెట్టలే. మా అన్న మీది పెట్టిండు."

నాయకుడు చాయ్ సగంలోనే వదిలి లేచాడు. నాకు నవ్వూ వచ్చింది, ధైర్యమూ వచ్చింది.

ఆయన వెళ్లగానే అన్న ఆ ఫోటోను తనే దించుకున్నాడు. కసికొద్దీ మేకు కూడా పీకబోయాడు.

"దాన్ని ముట్టకు" అన్నాను. "నక్క తప్పించుకపోయిన తొవ్వ అది."