యాంటీ యాక్సిడెంట్ గోళీ

మా భద్రయ్య మామ నోట ఒక మాట తప్పుగా పడిందంటే, దాన్ని దిద్దడం బ్రహ్మతరం కూడా కాదు. రెస్టారెంట్ ఆయనకు ‘రెస్టు రెంటు’. కూర్చున్నందుకు అద్దె వేస్తారని గబగబా తినేసి లేస్తాడు. ఇన్వర్టర్‌ను యూనివర్సిటీ అంటాడు. కరెంటు పోతే, “లక్ష్మణ్, యూనివర్సిటీ ఆన్ చెయ్యిరా” అని నన్ను కేకేస్తాడు. ఇవన్నీ భరించాం గానీ, ఆ గోళీల దగ్గర మాత్రం మా ప్రాణాలు తోడేశాడు.

అనసూయత్తకు షుగర్. మొన్నామధ్య కంటి ముందు నల్లచుక్కలు తేలుతున్నాయంటే డాక్టర్ బ్యూలాకు చూపించాం. షుగర్ వల్ల కంటి వెనక రక్తనాళాలు కారుతున్నాయని, కంట్లో ఇంజక్షన్ చేయాలని, ఆలస్యమైతే చూపు దక్కదని ఆమె చెప్పింది. అత్త ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకుంది. కంట్లో సూది పొడిపించుకోవడం కంటే గుడ్డిదాన్నై బతకడం నయమంది. సరిగ్గా అప్పుడే పక్కింటి స్వర్ణలత, కంటికి మంచివట అంటూ యాంటీ ఆక్సిడెంట్ గోళీల సీసా ఒకటి తెచ్చిచ్చింది. ఇక ఇవే మింగుతాను, సూది మాట ఎత్తొద్దని అత్త తేల్చేసింది.

మామ సీసా అందుకుని, కళ్లజోడు సవరించుకుని, కూడబలుక్కుంటూ చదివాడు.

“యాంటీ యాక్సిడెంట్. ఇవి కంటివి కావు అనసూయా. బండి మీద పోయేటోళ్లయి.”

నేను దిద్దాను. స్వర్ణలత దిద్దింది. మందుల షాపు ఆశీష్ అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు. మామ శ్రద్ధగా విని, “నేను సుత అదే అంటున్న, యాక్సిడెంట్” అన్నాడు.

ఆనాటి నుంచి బండి తాళం తీస్తే చాలు, అత్త సీసాలోంచి ఒక గోళీ గుప్పిట్లోకి, గుప్పిట నోటి దగ్గరికి. కొత్తిమీర కోసం మోండా మార్కెట్‌కు పోయినా గోళీయే. అసలే ఆయన స్కూటర్ చప్పుడు వింటే సీతాఫల్‌మండి కుక్కలు గేటు లోపలికి పోతాయి. ఒకరోజు రాంగోపాల్‌పేటలో ఉల్లిగడ్డల బండిని గుద్ది, బట్టలు దులుపుకుని లేచి, చుట్టూ మూగిన జనానికి గోళీ మహిమ చెప్పి మరీ వచ్చాడు.

సీసా ఖాళీ అవుతోంది. అత్త కంట్లో చుక్కలు ముదురుతున్నాయి. ఒక పొద్దున అత్త చాయ్ కప్పులో కాకుండా పక్కన బండ మీద పోసింది. పోసినట్టు ఆమెకు తెలియనే లేదు. నాకు మామ మీద ఒళ్లు మండిపోయింది. అత్త చూపు పోతుంటే ఈ పరాచికాలేమిటని గట్టిగానే అడిగాను. ఆయన అత్త పక్కన కూర్చుని సీసా బోర్లించి చూపించాడు.

“గోళీలు అయిపోయినయ్. ఉన్నా గని, రోడ్డు గోళీలు కంటికేం చేస్తయి? జెర ధైర్యం చెయ్యి అనసూయా. నేను తలుపు బయటనే ఉంట.”

అత్త ఆ ఖాళీ సీసాను చాలాసేపు తడుముతూ కూర్చుంది. చివరికి పోదామంది.

ఆస్పత్రిలో అత్తను లోపలికి తీసుకెళ్లి తలుపేశారు. మామ ఆ తలుపు ముందు నుంచి కదల్లేదు. ఎంతకీ తెరుచుకోదనుకున్న తలుపు తెరుచుకుని, డాక్టర్ బ్యూలా బయటికొచ్చి అంతా బాగానే అయిందని చెప్పింది. మామ గట్టిగా ఊపిరి వదిలి, చొక్కా జేబులోంచి రుమాలు మూట తీసి విప్పాడు. ఆయన మింగాడనుకున్న అత్త గోళీలన్నీ అందులోనే ఉన్నాయి.

“మేడమ్, ఈ యాంటీ ఆక్సిడెంట్లు సూదితో పాటు వాడొచ్చునా?”

అక్షరం ఎక్కడా జారలేదు. నేను నోరెళ్లబెట్టాను.

వాటి సంగతి ఇంకా గట్టిగా తేలలేదని, సూదికీ షుగర్ అదుపుకూ అవి బదులు కావని, అత్త రిపోర్టులు చూసి చెబుతానంటూ డాక్టర్ వెళ్లిపోయింది. మామ నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

“కంటి గోళీ అని ఒప్పుకుంటే మీ అత్త దాన్నే పట్టుకుని కూసుంటుండెరా. సూదికి వస్తుండెనా?”

ఆ మనిషిని అక్కడే కావలించుకోవాలనిపించింది.

“మరి యూనివర్సిటీ సంగతేంది మామా?”

“దానికేమైంది? అది కరెక్టే గదా.”

ఇంతలో కంటికి పట్టీతో అత్త వచ్చింది. మామ రుమాలు దాచబోయాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది. అత్త రెండో కంటితో గోళీలను చూసింది, మొగుణ్ణి చూసింది.

“నేను లక్ష్మణ్‌తోని ఆటోల పోత. బండి మీద వచ్చేది మీరే గదా, ఒకటి ఏసుకోండ్రి.”

నీళ్ల సీసా కూడా తనే అందించింది. మామ ఈసారి నిజంగానే మింగాడు.