చెంబుకెక్కిన నీడలు

ఊళ్లో అందరూ డిజిటల్ కెమెరాలకు మారిపోయినా నేనింకా బాత్రూంలో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ కడుక్కుంటూనే ఉన్నాను. ఈ ఏడు మిరప కల్లాల్లో తీసిన రీళ్లన్నీ ఒకే ఫిక్సర్ మందుతో కడిగి లాగించాను. దానికిక సత్తువ అయిపోయింది. ఎక్కడ పారబోయాలో తోచక, పొద్దున బేసిన్‌లో పోసి పెరట్లో పెట్టాను.

లేత గోధుమరంగులో, పుల్లటి వాసనేస్తుంటే అమ్మ చింతపండు నీళ్లనుకుంది. తోముదామని పూజ దగ్గరి రాగిచెంబు అందులో నానేసింది. కాసేపటికి ఒకటే కేక.

"ఒరేయ్, ఇట్రా! రాగిచెంబు వెండిచెంబైపోయిందేంట్రా?"

నిజంగా వెండే! ఫిల్మ్ మీద వెలుగు తగలని చోట మిగిలిన వెండిని ఫిక్సర్ కరిగించుకుంటుంది. రాగి తగలగానే దానికి పూసేసింది. చదివిన సంగతే, అయినా చెంబును అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాను.

"వెలుగు తగలని చోటంటే ఫొటోలో నీడలేనమ్మా. అవే ఇలా మెరుస్తున్నాయి."

"అయితే మా అమ్మ నీడ కూడా ఉందా ఇందులో?"

మొన్న పోయిన అమ్మమ్మ, కల్లంలో రంగుపోయిన తాలుకాయలు ఏరుతూ, ఆ రీళ్లలోనే ఉంది. ఉందన్నాను.

ఆ మందు విషం, చెంబు పూజకిక పనికిరాదు. తిట్లు తప్పవనుకున్నాను. తోముతానని తీసిన మనిషి, ఇప్పుడు దాన్ని నన్ను కూడా తాకనివ్వడం లేదు.

మీరైతే తోముతారా?