అరవై రెండు శాతంతో ఇంటర్వ్యూ

నా లాప్‌టాప్ బ్యాటరీ నాలుగు గంటలు వస్తుందని బరంపురంలో నేను చెప్పని మనిషి లేడు. అది అబద్ధం కాదు. కొన్న ఏడాది, తెర వెలుగు తగ్గించి, దానికి ఏదీ తగిలించకుండా, దుమ్ము దులపడానికి కూడా ఎవరూ ముట్టుకోకుండా బల్ల మీద ఉంచితే నాలుగు గంటలు వచ్చింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు గడిచాయన్న సంగతి చెప్పలేదంతే.

ఈ ఎనిమిదేళ్ళలో దాని అవయవాలు ఒక్కొక్కటే రాజీనామా చేశాయి. కీబోర్డులో ఆరు అక్షరాలు పోయాయి. బయటి కీబోర్డు కొన్నాను. రంగురంగుల దీపాలు వెలిగేది తప్ప షాపులో వేరేది లేదు. తెర మీద బాణాన్ని వేలితో నడిపే పలక పోతే మౌస్ వచ్చింది. లోపలి కెమెరాలో ఎవరు కూర్చున్నా పొగమంచులో చిలికా సరస్సు దాటుతున్నట్టు కనిపిస్తారు కాబట్టి బయటి కెమెరా. లోపలి ఫ్యాను ఆగిపోయింది, అందుకని కింద రెండు ఫ్యాన్ల స్టాండు. గొంతు పోయింది, అందుకని స్పీకర్లు. ఇవి చాలక నా రాతలన్నీ దాచుకున్న ఇటుకంత హార్డ్ డిస్క్. పెళ్ళికొడుకు ఒక్కడే, వెనకాల బస్సుడు జనం. ఆ బస్సుడు జనమూ పెళ్ళికొడుకు విస్తట్లోనే తింటారని మాత్రం నాకు తట్టలేదు. ఇంట్లో ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండేది మరి.

మా అక్కని ఇచ్చింది మార్కండిలో. బావ చేపల పడవ నడుపుతాడు. వాళ్ళమ్మాయి నర్సింగ్ పూర్తి చేసింది. రెండు ఆస్పత్రులవాళ్ళు కాదన్నాక మూడోచోటి నుంచి మెయిల్ వచ్చింది. మర్నాడు పదిన్నరకి ఇంటర్వ్యూ, ఫోన్‌లో కుదరదు, కంప్యూటర్ మీదే. ముందు అరగంట టైపు చేసే పరీక్ష, తర్వాత కెమెరా ముందు మాటలు. మధ్యలో ఆగిపోతే మళ్ళీ పిలవరు. ఇది కూడా పోతే ఇంక ఎక్కడా రాయనని పిల్ల వాళ్ళమ్మతో అందట.

తానే మా ఇంటికి వస్తానంది. వద్దన్నాను. పిల్లకి శ్రమ ఎందుకు, లాప్‌టాప్ నేనే తెస్తానని పైకి అన్నాను. అక్క వండే చందువ చేప పులుసు సంగతి లోపల ఉంచుకున్నాను.

మర్నాడు తొమ్మిదిన్నరకి అక్క ఇంట్లో సంచీలోంచి సామానంతా తీసి బల్ల మీద పరిచాను. బ్యాటరీ అరవై రెండు శాతం ఉంది. ప్లగ్గు పెట్టేలోగా అక్క టీ ఇచ్చింది. టీ తాగేలోగా కరెంటు పోయింది. అక్క వీధిలోకి వెళ్ళి కనుక్కుని వచ్చింది.

"లైను పనట. సాయంత్రం దాకా రాదంతన్నారు."

ముగ్గురూ నా వైపు చూశారు. బరంపురం తిరిగి వెళ్ళే టైము లేదు.

"నాలుగ్గంటలొస్తాదన్నావు కదా మావయ్యా," అంది పిల్ల.

"వస్తుంది," అన్నాను. ఈ జన్మలో అంత చిన్న గొంతుతో నేనెప్పుడూ మాట్లాడలేదు.

పిల్ల తన ఫోన్ నుంచి నెట్టు పెట్టుకుని, పదిన్నరకి పరీక్ష మొదలుపెట్టింది. బావ కెమెరాకి కనపడకుండా బల్ల పక్కన నేలమీద కూర్చుని, తెర మూలనున్న అంకెని చూస్తున్నాడు. పడవ ఇంజన్లో ఆయిల్ చూసే చూపు అది. పది నిమిషాలకి నా చొక్కా పట్టి కిందికి లాగాడు.

"నలభై అయిదు. నిమిషానికి ఒకటిన్నర పైనే తాగీస్తంది. ఇలాగైతే ఒడ్డు సేరదు బావమరిదీ."

నేనూ బావ పక్కనే చతికిలబడ్డాను.

"సముద్రంలో ఆయిల్ తగ్గితే ఏటి సేస్తాం? బరువు దింపుతాం. ముందు ఐసు దింపుతాం, ఆకర్న వల. ఇందులో వలేటో సెప్పు."

"కెమెరా. పరీక్ష అయ్యేదాకా కీబోర్డు, మౌసు."

"అయితే మిగతాదంతా ఐసే కదా. ఇదేటి?"

"నా రాతలు."

"పిల్లకి పనికొస్తాయేటి?"

"రావు."

హార్డ్ డిస్క్ ఊడింది. దాన్ని తీసేముందు కంప్యూటర్‌కి మర్యాదగా చెప్పి తీయాలి. బావ వల లాగినట్టు ఒక్క గుంజు గుంజాడు. నా సాహిత్యానికి అంత సూటి విమర్శ అంతకుముందు ఎవరూ చేయలేదు. తర్వాత స్పీకర్లు పోయాయి, పిల్ల తన ఇయర్‌ఫోన్ చెవుల్లో పెట్టుకుంది. ఫ్యాన్ల స్టాండు తీస్తే పెట్టె కాలిపోతుందన్నాను. అక్క విసనకర్ర తెచ్చి, ఓ పక్కన నిలబడి లాప్‌టాప్‌కి విసరడం మొదలుపెట్టింది. కీబోర్డు దీపాలు ఆర్పేశాను.

ఇంతలో బావ చేతికి ఇంకో తీగ తగిలింది. అది బల్ల వెనకనుంచి వెళ్ళి నా సంచీలో దూరింది.

"ఇదేటి?"

"ఫోను."

"ఎవులిది?"

"నాదే. తొమ్మిది శాతమే ఉందని..."

"ఈ ఫోను కూడా ఇంటర్వ్యూకి ఎల్తాదేటి?"

అన్నిటికంటే ఎక్కువ తాగుతున్నది అదే. నాకు తెలుసు. తెలిసే సంచీలో పెట్టాను. అక్క విసరడం ఆపి ఒకసారి నన్ను చూసి, మళ్ళీ విసరడం మొదలుపెట్టింది. ఏమన్నా అని ఉంటే బాగుండేది.

పరీక్ష అయ్యేసరికి ఇరవై ఎనిమిది మిగిలింది. కీబోర్డు, మౌసు కూడా తీసేశాం. కెమెరా ఒక్కటే మిగిలింది. తెరలో ఇద్దరు వచ్చారు. వాళ్ళ ప్రశ్నలు మాకు వినపడవు, పిల్ల జవాబులే వినిపిస్తాయి. కాసేపు ఇంగ్లీషు, కాసేపు ఒడియా. మందు మోతాదు గురించి ఏదో చెబుతూ ఆగింది. తర్వాత ఒడియాలో నెమ్మదిగా అంది. పక్కన వచ్చిపోతున్నది విసనకర్ర సార్, కరెంటు లేదు, మా అమ్మ కంప్యూటర్‌కి విసురుతోంది. అక్కర్లేనివన్నీ మా నాన్న తీసేశారు. ఇంక కెమెరా ఉంది. మాట వినిపిస్తే చాలంటే అదీ తీసేస్తాను.

అవతల ఏమన్నారో తెలియదు. పిల్ల తండ్రి వైపు తల ఊపింది. బావ కెమెరా తీగని, ఈసారి గుంజకుండా, రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా తీశాడు.

అప్పటికి మిగిలిన పన్నెండు శాతం మీద పిల్ల ఇంకో పదిహేను నిమిషాలు మాట్లాడింది. తెర వెలుగు అడుగుకి దించేస్తే, గుడ్డిదీపంలో పాఠం అప్పజెప్పినట్టుంది. "జీ సార్" అంటూండగానే తెర నల్లబడింది.

ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంకో ప్రశ్న ఉందన్నారు మావయ్యా. అది వినలేదు."

మధ్యాహ్నం రెండున్నర దాకా పులుసు పొయ్యి మీదే ఉండిపోయింది. నేనూ అడగలేదు. ఇన్నేళ్ళలో నేను చేసిన ఏకైక త్యాగం అది. అప్పుడు పిల్ల ఫోన్ చప్పుడు చేసింది. నిలబడే చదువుకుంది. చదివి, కూర్చుని, మళ్ళీ చదివింది.

"ఏటంట?" అన్నాడు బావ.

"ఆకరి ప్రశ్న రాసి పంపినారు నాన్నా. డ్యూటీలో ఎప్పుడు సేరగలవని."

"అంటే ఇచ్చినట్టేనా?"

"సర్టిఫికెట్లు తెమ్మన్నారు. ఇచ్చినట్టే."

బావ కాసేపు అరచేతులు చూసుకున్నాడు. "ఏటని రాస్తావు మరి?"

"సోమవారం."

"అయితే ఆదివారమే ఎల్లిపోవాలి," అంటూ అక్క పెట్టె కోసం లోపలికి వెళ్ళింది.