రైలు గండిలో దెబ్బలు

దయ్యాలు లేవని పిల్లలకు పాఠం చెప్పి జీతం తీసుకున్నదాన్ని నేను. బొగ్గు గనుల ఊళ్లో హైస్కూల్లో సైన్సు టీచరుగా పనిచేశాను. పుట్టిల్లు వైరా దగ్గర. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం మాది. మా ఇంట్లో జ్వరం వస్తే మందుబిళ్ళ మింగించేవాళ్ళు తప్ప తాయెత్తు కట్టిన పాపాన పోలేదు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, చదివాక "ఈవిడ మొదటి నుంచీ అలాంటి మనిషేలే" అని ఎవరూ అనుకోకూడదని.

ఎనభైల చివర్లో, ఒక వేసవిలో జరిగింది. చూసింది చూసినట్టు చెబుతాను.

మా ఆయన సత్యం గనిలో సర్వేయరు. వారమంతా భూమి కింద కొలతలు. ఆదివారం వస్తే భూమి మీద పాత రైలు కట్టలు వెతుక్కుంటూ పోయేవారు. మా వైపు అడవుల్లో అలాంటివి ఇంకా ఉన్నాయి. నిజాం కాలంలో బొగ్గు కోసమనీ, టేకు కలప కోసమనీ చిన్న చిన్న లైన్లు వేశారు. గని మూతపడితే లైనూ మూతపడేది. పట్టాలు పీక్కుపోయేవాళ్ళు, కట్ట మిగిలేది. అడవిలో తిన్నగా సాగిపోయే మట్టిదిబ్బ కనిపిస్తే చాలు, ఆయన స్కూటరు ఆపేసేవారు.

నన్నూ వెంట తీసుకుపోయేవారు. మొదట్లో విసుక్కున్నాను గానీ తర్వాత నాకూ ఆ పిచ్చి అంటుకుంది. వాగు మధ్యలో రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి, వాటి మీద వంతెన ఉండదు. ఏ గూడెంలోనో ఇంటి దూలం కేసి చూస్తే దానికి పట్టాల మేకులు దిగిన బొక్కలు కనిపిస్తాయి. ఎవరి చరిత్ర పుస్తకంలోనూ లేని సంగతులు ఇవన్నీ.

ఆయన మెత్తని మనిషి. గనిలో కూలీని కూడా "ఏమండీ" అనే పిలిచేవారు. ఎవరినీ ఒక దెబ్బ కొట్టలేదు, ఎవరి చేతా తినలేదు.

ఆ ఆదివారం బూర్గంపాడు వైపు అడవిలోకి వెళ్ళాం. గోదావరి దాకా వేద్దామని మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన లైను ఒకటి అక్కడ ఉందని ఆయన ఎవరి దగ్గరో విన్నారు. ఎవరు మొదలుపెట్టారో, ఎందుకు ఆపేశారో చెప్పినవాళ్ళు లేరు. కట్ట మొదలయ్యే చోట ఒక కోయగూడెం ఉంది. అక్కడ ముత్తయ్య అనే ఆయన మాకు అంతకుముందే పరిచయం. యాభై ఏళ్ళుంటాయి. స్కూటరు ఆయన ఇంటి ముందు పెట్టాం.

"కట్ట పట్టుకొని పొండ్రి సారూ. ముందట గుట్టను కోసిన గండి వస్తది. దాంట్ల మాత్రం ఆగొద్దు. నడుసుకుంట పోవాలె" అన్నాడు.

"ఏం, ఎలుగులు తిరుగుతాయా?" అని మా ఆయన అడిగారు.

"ఎలుగులు గాదు. మేం అండ్ల కూసోం, పండుకోం. గంతే."

పాములేమో అనుకున్నాం.

గండి నిజంగా చూడదగ్గదే. గుట్టను కత్తితో కేకు కోసినట్టు నిలువునా కోశారు. రెండు పక్కలా ఇద్దరు మనుషుల ఎత్తు రాతిగోడలు. సమ్మెట దెబ్బలకు ఉలి దిగిన గీతలు రాతి మీద ఇంకా చెక్కు చెదరలేదు. మా ఆయన వాటి మీద అరచెయ్యి పెట్టి, "మిషన్లు లేవు సుశీలా, అంతా చేత్తోనే" అన్నారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల చల్లగా ఉంది. అడుగున కంకర, దాని మీద ఎండాకులు.

ముత్తయ్య మాట గుర్తుంది. అయినా అంత నీడ మళ్ళీ ఎక్కడ దొరుకుతుందని అక్కడే పులిహోర తిన్నాం. "ఒక కునుకు తీస్తా" అని ఆయన టవలు ముఖం మీద వేసుకుని వెల్లకిలా పడుకున్నారు. నేను నాలుగడుగుల అవతల కూర్చుని టిఫిన్ డబ్బా కడుగుతున్నాను.

ముందు చప్పుడు వినబడింది. చాకిరేవు బండ మీద తడిబట్టను బాదినట్టు. తలెత్తి చూసేసరికి మా ఆయన పక్కకు దొర్లి ఉన్నారు. రెండో దెబ్బకు వీపు మీద చొక్కా చిరిగింది. చిరగడం నా కళ్ళతో చూశాను. చొక్కాలోంచి దుమ్ము లేచింది. అక్కడ మనిషి లేడు, కర్ర లేదు.

ఎవరో పైనుంచి రాళ్ళు వేస్తున్నారనుకున్నాను. గోడల మీదికి చూశాను. ఆకాశం తప్ప ఏమీ లేదు. కింద కొత్తగా పడ్డ రాయి ఒక్కటీ లేదు. ఇంకో దెబ్బ తల మీద పడింది. చెవి పక్కనుంచి నెత్తురు కారింది. ఆయన మోకాళ్ళ మీద లేవబోయారు. సగం లేచేసరికి నడుం మీద పడింది, మళ్ళీ బోర్లా పడిపోయారు. తలకు అడ్డంగా ఎడమ చెయ్యి పెట్టుకున్నారు. ఆ చెయ్యి మణికట్టుకూ మోచేతికీ మధ్య, వంగకూడని చోట వంగిపోయింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

దెబ్బకూ దెబ్బకూ మధ్య కాస్త ఎడం ఉంది. కోపంతో కొట్టేవాడు అలా కొట్టడు. ఊపిరి తీసుకుని, కర్ర మళ్ళీ ఎత్తి, పని చేసినట్టు కొట్టడం అది.

ఆయన అరుస్తున్నారు. "లేస్తున్న దొరా! కొట్టకు! లేస్తున్న!"

గొంతు ఆయనదే. మాట ఆయనది కాదు. మా ఆయనది గుడివాడ పక్క పల్లె. ఇరవై ఏళ్ళు గనుల్లో పనిచేసినా ఆయన నోట "లేస్తున్నాను" తప్ప "లేస్తున్న" రాలేదు. ఇక "దొరా" అన్న పిలుపు మా ఇళ్ళల్లోనే లేదు.

నేను వెళ్ళి ఆయన మీద పడ్డాను. నా కుడి భుజం మీద ఒకటి పడింది. నిప్పుకణిక పెట్టినట్టయి చెయ్యి మొద్దుబారిపోయింది. మరొకటి పడేలోగా ఆయన చొక్కా కాలరు ఎడమచేత్తో పట్టుకుని, గొంతు చించుకుని అరుస్తూ, కంకర మీద ఈడ్చుకుంటూ వచ్చాను. గండి దాటి ఎండలోకి రాగానే దెబ్బలు ఆగిపోయాయి.

నా అరుపులు విని ముత్తయ్య, ఆయన తమ్ముడి కొడుకులిద్దరూ పరుగెత్తుకొచ్చారు. ఏమైందని ఒక్కరూ అడగలేదు. మా ఆయన్ని నులకమంచం మీద వేసుకుని రోడ్డు దాకా మోశారు. అక్కడ లారీ ఆపి, గోదావరి వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు తెచ్చారు. నెత్తురు వాళ్ళ పంచెలకు కూడా అంటింది.

డాక్టరు పెద్దాయన. వీపు చూసి నన్ను పక్కకు పిలిచారు. "ఈ ఏరియాలో లాఠీ దెబ్బలు చాలా చూశానమ్మా. ఎవరు కొట్టారు?" అన్నారు. ఎవరూ కొట్టలేదన్నాను. ఆయన చీటీ రాసుకుంటూ, "భయపడుతున్నట్టున్నారు, పర్వాలేదు" అన్నారు. ఇలాంటి కేసు వస్తే పోలీసులకు చెప్పాలి కనుక చెప్పారు. ఆయన తప్పేం లేదు.

మర్నాడు పొద్దున ముత్తయ్య భార్య భద్రమ్మ వార్డు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కాళ్ళ నిండా దుమ్ము.

"టీచరమ్మా, మావోళ్ళను జీపుల ఏసుకపోయిండ్రు."

"ఎవరిని?"

"ముగ్గురిని. మీ సారును కొట్టింది మావోళ్ళేనంట, అడవి లోపలోళ్ళు, గా అన్నలు చెప్తే కొట్టిండ్రంట. పంచెల మీద నెత్తురు సూసిండ్రు. నువ్ జల్దీ రా అమ్మా. నువ్ చెప్తే ఇంటరు."

మా ఆయనకు ఇంకా స్పృహ సరిగ్గా లేదు. నర్సుకు చెప్పి భద్రమ్మతో బయల్దేరాను. ఏ స్టేషనో ఇక్కడ రాయను. అప్పట్లో ఆ అడవి పక్కన ఏ స్టేషనైనా ఒకటే.

ఎస్సై కుర్చీ వేయించారు, టీ తెప్పించారు. చదువుకున్నవాడే. ఆ ముగ్గురూ ఏ తప్పూ చేయలేదు, వాళ్ళే మోసుకొచ్చి మా ఆయన ప్రాణం కాపాడారు అని చెప్పాను.

"మరి కొట్టిందెవరు మేడం?"

"ఎవరూ కొట్టలేదు."

ఆయన నవ్వారు. "గీ అడవిల మనిషిని గట్ల కొట్టెటోళ్ళు ఇద్దరే మేడం. ఒకటి నక్సలైట్లు, ఇంకోటి మేం. మేమైతే కొట్టలే. ఎవ్వరూ కొట్టకుంట ఎముక ఎట్ల ఇరుగుతది? మీరు సైన్సు టీచరంట గదా, మీరే చెప్పుండ్రి."

నేను గండిలో జరిగిందంతా చెప్పాను. ఆయన వింటూ టేబుల్ మీద పెన్ను దొర్లిస్తున్నారు. చెప్పడం పూర్తయ్యేలోగానే వెనక గదిలో మొదలైంది.

చాకిరేవు బండ మీద తడిబట్ట. ఎడం. మళ్ళీ తడిబట్ట. ఊపిరి తీసుకుని, కర్ర ఎత్తి, పని చేసినట్టు. తర్వాత గొంతు.

"లేస్తున్న దొరా! కొట్టకు! లేస్తున్న!"

అది ముత్తయ్య గొంతు. అవే మాటలు. "దొరా" దగ్గర సాగదీసింది కూడా అలాగే. నేను ఆ దెబ్బలు నిన్న మధ్యాహ్నమే విన్నాను. గుమ్మం బయట భద్రమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నేల మీద చతికిలబడిపోయింది.

నిజం చెబితే ఆ చప్పుడు ఆగదని అప్పుడు నాకు తెలిసింది. లేచి నిలబడ్డాను.

"మా ఆయన గండి మీద నుంచి పడిపోయారు. నేను చూశాను. మొండిరాళ్ళ మీద దొర్లుకుంటూ పడ్డారు. ఎండదెబ్బకు తల తిరిగి ఇందాక ఏదేదో వాగాను. రాసుకోండి, సంతకం పెడతాను."

"పడితే వీపు మీద దెబ్బలు గట్ల వరసగా పడతయా మేడం?"

"పడతాయి. కంకర కట్ట మీద మీరొకసారి దొర్లి చూడండి. ముందు ఆ కొట్టడం ఆపించండి. ఆపకపోతే ఇక్కణ్ణుంచి కదలను. మా గని ఆఫీసర్లంతా సాయంత్రానికి ఇక్కడుంటారు."

అంత గట్టిగా నేనెన్నడూ ఎవరితోనూ మాట్లాడలేదు. నా మాట నమ్మారనుకోను. నా చీర, నా ఉద్యోగం, నా ఊరు చూసి లెక్కేసుకున్నారు. కాసేపటికి వెనక గదిలో చప్పుడు ఆగిపోయింది. దయ్యం కథ చెబితే వదలని మనుషుల్ని, అబద్ధం చెబితే వదిలారు.

కుర్రాళ్ళిద్దరూ ముత్తయ్యను చెరో పక్కా పట్టుకుని బయటికి తెచ్చారు. తల ఒక పక్క పగిలింది. ఎడమ చెయ్యి పొట్టకు ఆనించుకుని ఉన్నాడు. మణికట్టుకూ మోచేతికీ మధ్య వాచి, వంగకూడని చోట వంగి ఉంది. నేను దాని వంక చూడలేకపోయాను.

ముగ్గురినీ అదే దవాఖానాకు తెచ్చాను. మా ఆయన మంచం పక్క మంచం మీదే ముత్తయ్యకు కట్టు కట్టారు. డాక్టరు రెండు చేతుల ఎక్స్‌రేలూ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు. రెండింటినీ ఒకే కవర్లో పెట్టి నా చేతికిచ్చారు.

తెలివొచ్చాక మా ఆయన ఒకటే మాట చెప్పారు. "గండిలో నాకు నిద్ర పట్టలేదు సుశీలా. ఎవరో కొడుతున్నారని తెలుసు. ఎందుకు కొడుతున్నారో కూడా ఆ క్షణాన తెలుసు. ఇప్పుడెంత ఆలోచించినా గుర్తు రావడం లేదు." ఆ తర్వాత ఆయన రైలు కట్టల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రెండేళ్ళకు బదిలీ మీద ఆ ఊరు విడిచిపెట్టాం.

ముత్తయ్య తండ్రి ఆ గండి కోసిన కూలీల్లో ఒకడట. చలిజ్వరాలొచ్చి కంకర మీదే పడిపోయినవాళ్ళను మేస్త్రీలు కొట్టి లేపేవాళ్ళట. లేవనివాళ్ళు లేవనేలేదట. ఇది ముత్తయ్య దవాఖానాలో చెప్పాడు. అయితే మా ఆయన మీద పడ్డవి ఆ నాటి దెబ్బలా? మరి మర్నాడు స్టేషనులో పడబోయే దెబ్బలు అచ్చు అలాగే ముందే ఎలా పడ్డాయి? మా ఆయనకు దెబ్బలు తగిలాయి కనుకనే ముత్తయ్యను పట్టుకుపోయారు. ముత్తయ్యకు తగిలిన దెబ్బలే మా ఆయనకు తగిలాయి. ఏది ముందు, ఏది వెనక? కారణం లేకుండా కార్యం ఉండదని పాతికేళ్ళు బల్ల గుద్ది చెప్పాను. ఈ ఒక్కదానికి ఏది కారణమో, ఏది కార్యమో ఇప్పటికీ తేల్చలేకపోయాను.

ముత్తయ్యను ఇంటికి పంపే రోజు భద్రమ్మను బయట చెట్టు కింద కూర్చోబెట్టి అడిగాను. "ఆ గండిలో కొట్టేది ఎవరు భద్రమ్మా? మీ పెద్దవాళ్ళు ఎవరైనా చూశారా?"

ఆమె నన్ను కాస్త వింతగా చూసింది. అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"ఎవరు కొడతరో ఎవరు సూసిండ్రమ్మా. ఎవరు కొట్టినా దెబ్బ మాకే తాకుతది. ఆ ఒక్కనాడే తప్పిపోయి మీ సారుకు తాకింది" అని, మూట నెత్తిన పెట్టుకుని, ముత్తయ్య మంచి చెయ్యి పట్టుకుని బస్సు వైపు నడిచింది.